ఆర్డ్‌నాహో కేస్ స్టడీ: కొత్త విస్కీ బట్టీలో పాత సామాను ఎందుకు?

స్కాట్లండ్ పశ్చిమ తీరంలోని ఐలా ద్వీపంలో, పోర్ట్ అస్కెగ్ రేవు నుంచి బునహావెన్ వైపు పోయే ఇరుకు దారి పక్కన ఆర్డ్‌నాహో అనే డిస్టిలరీ ఉంది. అక్కడ మొదటి స్పిరిట్ దిగింది 2018 చివర్లో. 2019 ఏప్రిల్‌లో సందర్శకులకు తలుపులు తెరిచారు. ద్వీపంలో అప్పటికి నడుస్తున్నవి ఎనిమిది, ఇది తొమ్మిదోది. పెట్టినవాళ్ళు గ్లాస్గోకి చెందిన హంటర్ లెయింగ్ సంస్థ: తండ్రి స్టూవర్ట్ లెయింగ్, కొడుకులు ఆండ్రూ, స్కాట్. వేరే డిస్టిలరీల పీపాలు కొని తమ పేరుతో సీసాల్లో నింపి అమ్మడం వాళ్ళ అసలు వ్యాపారం. సొంత బట్టీ కట్టేటప్పుడు 2017లో జిమ్ మెక్‌యూవన్‌ని పిలిపించుకున్నారు. ఆయన ఐలా మనిషే. 1963లో బోమోర్ డిస్టిలరీలో పీపాల పనితో మొదలుపెట్టి, మూతబడ్డ బ్రూక్‌లాడీని 2001లో మళ్ళీ నడిపించినవారిలో ముఖ్యుడు.

నేను కెమికల్ ఇంజనీర్ని. మా పనంతా ధాన్యం నుంచి ఎక్స్‌ట్రా న్యూట్రల్ ఆల్కహాల్ (రుచీ వాసనా లేని శుద్ధ ఆల్కహాల్) తీసే ప్లాంట్లతో: కాలమ్‌లు, రీబాయిలర్లు, కండెన్సర్లు, ఎఫ్లుయెంట్. మా దగ్గర వాసన లేకపోవడమే నాణ్యత. మాల్ట్ (మొలకెత్తించి ఆరబెట్టిన బార్లీ) విస్కీలో లెక్క తిరగబడుతుంది, ఏ వాసన ఉంచాలన్నదే అక్కడ డిజైన్. ఈ మధ్య మన దేశంలో సింగిల్ మాల్ట్ (ఒకే డిస్టిలరీలో చేసిన మాల్ట్ విస్కీ) బట్టీల గురించి అడిగేవాళ్ళు ఎక్కువయ్యారు. అడిగే ప్రతివాళ్ళూ చెక్క తొట్లు, రాగి పాట్ స్టిల్స్ (ఊటను మరిగించే బట్టీలు) ఫొటోలు చూపించి "ఇలాగే కావాలి" అంటారు. ఏ సామాను ఏ పని చేస్తుందో తేల్చుకోకుండా డ్రాయింగ్ గీయడం నాకు మనసొప్పదు. అందుకే ఆర్డ్‌నాహోని సందర్శకుడిగా కాక, ప్లాంట్ ఆడిట్‌కి వెళ్ళినట్టు చూశాను.

ముందే చెప్పాల్సిన సంగతి, అక్కడ అన్నీ పాతవి కావు. బట్టీల కింద మంట లేదు, వేడి ఆవిరితోనే వస్తుంది. నలిపిన మాల్ట్‌ని వేడినీళ్ళలో నానబెట్టే పాత్ర, మాష్ టన్ను కూడా కత్తులు తిరిగే ఈ కాలపు సెమీ లౌటర్ రకం. పాత పద్ధతిని పట్టుకున్నది ప్రధానంగా మూడు చోట్ల: మిల్లు, ఊట (మాల్ట్ నుంచి తీసిన తీపి ద్రవం) పులిసే చెక్క తొట్లు, ఆవిరిని చల్లబరిచే వర్మ్ టబ్బులు. ఈ మూడింటికీ కారణాలు వేర్వేరు. మూడో దాంట్లోనే అసలు కథంతా ఉంది కాబట్టి మొదటి రెండూ త్వరగా చూసేద్దాం.

మిల్లు

ఇక్కడున్నది పాత బోబీ మిల్లు, బాగుచేయించి బిగించారు. ఇంగ్లండ్‌లోని బరీ సెయింట్ ఎడ్మండ్స్‌లో రాబర్ట్ బోబీ కంపెనీ చేసేది వీటిని. స్కాట్లండ్ డిస్టిలరీల్లో ఎక్కువగా కనిపించే రెండు పేర్లు పోర్టియస్, బోబీ. రెండూ ఎప్పుడో మూతబడ్డాయి. యంత్రాలు పాడవకపోవడంతో మళ్ళీ కొనేవాళ్ళే లేక కంపెనీలు మునిగిపోయాయని అక్కడివాళ్ళు చెప్పుకుంటారు.

పని సులువే. నాలుగు రోలర్లు. పై జత గింజను చీల్చుతుంది, కింది జత నలుపుతుంది. కావాల్సిన పాళ్ళు నూటికి సుమారు 20 పొట్టు, 70 రవ్వ, 10 పిండి. పిండి ఎక్కువైతే మాష్ టన్నులో అడుగు పూడుకుపోయి ద్రవం దిగదు. పొట్టు ఎక్కువైతే పిండిపదార్థం చక్కెరగా మారక దిగుబడి పడిపోతుంది. ఈ పాళ్ళు కొత్త మిల్లూ ఇస్తుంది, పాత మిల్లూ ఇస్తుంది. రుచికి దీనితో సంబంధం లేదు. దీని విలువంతా మరమ్మతులో ఉంది. బెల్టులు, బేరింగులు, రోలర్ల మీది గాళ్ళు అన్నీ కంటికి కనిపిస్తాయి, స్పానర్‌తో విప్పొచ్చు. ఏది చెడినా ఓడ మీద రావాల్సిన ద్వీపంలో అది చిన్న సౌకర్యం కాదు. మన దగ్గర సర్వీస్ ఇంజనీర్ కోసం, ఎలక్ట్రానిక్ కార్డు కోసం వారాల తరబడి ప్లాంట్ ఆపుకున్న చోట్లు చూసినవాణ్ణి, నాకు ఆ ఎంపిక నచ్చింది.

ఆ మిల్లులో మొదట్నుంచీ పడ్డ మాల్ట్ పోర్ట్ ఎలెన్ మాల్టింగ్స్ నుంచి వచ్చింది. 1973లో మొదలైన ఆ కేంద్రమే ద్వీపంలో చాలా బట్టీలకు మొలకెత్తిన బార్లీ ఆరబెట్టి ఇస్తూ వచ్చింది. ఆర్డ్‌నాహో ప్రధానంగా వాడేది పీట్ (తడినేలల్లో పేరుకున్న, మండే మట్టి) పొగ పట్టించినది. పొగ తాలూకు ఫినాల్స్ మాల్ట్‌లో పది లక్షల వంతుల్లో సుమారు 40 ఉంటాయి. ఈ అంకె చూసి సీసాలో కూడా అంతే పొగ ఉంటుందనుకోవద్దు. గుజ్జులో కొంత పోతుంది, బట్టీలో చివర వచ్చే భాగంతో కొంత పోతుంది. కొత్త స్పిరిట్‌లో మిగిలేది అందులో మూడో వంతు నుంచి సగం.

చెక్క తొట్లు

మాష్ టన్నులో ఒక దఫాకి రెండున్నర టన్నుల మాల్ట్ పడుతుంది. మూడు విడతలుగా వేడినీళ్ళు: మొదటిది 64 డిగ్రీల సెల్సియస్ చుట్టుపక్కల, తర్వాతవి ఇంకా వేడిగా. మూడో విడత నీళ్ళలో చక్కెర పలచన కాబట్టి అవి వచ్చే దఫాకి మొదటి నీళ్ళవుతాయి. మిగతాది చల్లబరిచి తొట్టిలోకి ఎక్కించి ఈస్ట్ కలుపుతారు.

తొట్లు నాలుగు. ఒరెగాన్ పైన్ చెక్కతో చేసి, ఇనుప పట్టాలు బిగించినవి. మాకు డిస్టిలరీ చూపిస్తున్న ఆవిడ ఒక తొట్టి మూత కొంచెం ఎత్తి "వాసన చూడండి, కానీ తల లోపల పెట్టకండి" అంది. కార్బన్ డయాక్సైడ్ ముక్కు లోపల సూదుల్లా గుచ్చుతుంది. అది పోయాక వచ్చింది పుల్లటి ఆపిల్ వాసన, దాని వెనక పెరుగు పులిసిన ఛాయ. పక్క తొట్టి వేరే దశలో ఉంది, పైకంటా నురుగు, మూత కింద తిరుగుతున్న రెక్క దాన్ని కొట్టి అణుస్తోంది. అందులో పండు వాసన లేదు, ఈస్ట్ కలిపిన రొట్టె పిండి వాసనే.

ఆ రెండు తొట్ల మధ్య తేడా గంటల తేడా. ఈస్ట్ చక్కెరను తినడం దాదాపు 48 గంటల్లో పూర్తవుతుంది, ఆల్కహాల్ 8 శాతం దగ్గర ఆగుతుంది. ఆల్కహాలే కావాలంటే అక్కడితో ఆపి బట్టీకి పంపొచ్చు, మా ప్లాంట్లలో చేసేది అదే. ఆ తర్వాత ఊటను అలాగే ఉంచితే లాక్టిక్ ఆమ్లం చేసే బాక్టీరియా రంగంలోకి దిగుతుంది. ఆమ్లం పెరుగుతుంది, దానితో పండ్ల వాసనలిచ్చే ఎస్టర్లు పెరుగుతాయి. ఆర్డ్‌నాహోలో 60 గంటలు దాటనిస్తారు.

చెక్క లేకపోతే ఈ రుచి రాదా? ఇక్కడ రెండు వాదాలున్నాయి. చెక్క సందుల్లో బాక్టీరియా కాపురం ఉంటుంది కాబట్టి ఆవిరితో ఎంత కడిగినా కొంత మిగిలి తర్వాతి ఊటలోకి వస్తుంది, ఇది ఒక వాదం. స్టీల్ తొట్టిలో అన్నే గంటలు ఉంచితే అదే రుచి వస్తుందని రెండో వాదం. నా మాట అడిగితే గంటలకే ఓటేస్తాను. చెక్క తొట్టి కొని 48 గంటలకే దింపేసేవాడికన్నా, స్టీల్ తొట్టి పెట్టుకుని 70 గంటలు ఓపిక పట్టేవాడి ఊటే బాగుంటుంది.

ఓపికకు ఖరీదుంది, అది లెక్కలో కనిపిస్తుంది. టన్ను మాల్ట్‌కి 410 లీటర్ల శుద్ధ ఆల్కహాల్ వస్తుందనుకుందాం. రెండున్నర టన్నులకి 1,025 లీటర్లు. ఒక్కో ఊట 65 గంటలు తొట్టిలో ఉంటే, వారానికున్న 168 గంటల్లో నాలుగు తొట్లూ కలిపి పది ఊటలే తీయగలవు. ఏడాదికి 50 వారాలు నడిపితే అయిదు లక్షల లీటర్లు దాటి కొంచెం. ఆర్డ్‌నాహో సామర్థ్యం పది లక్షల లీటర్లని చెబుతారు. అంటే పూర్తి సామర్థ్యానికి వెళ్ళాలంటే తొట్ల సంఖ్య పెంచాలి. పులియబెట్టే గంటల్ని 48కి కోసినా ఏడు లక్షల దగ్గరే ఆగిపోతుంది, పైగా పండు వాసన పోతుంది. కొత్తగా కట్టేవాళ్ళు బట్టీ మీద డబ్బు కుమ్మరించి తొట్ల దగ్గర పిసినారితనం చూపిస్తారు. తర్వాత అమ్మకాలు పెరిగినప్పుడు మొదట కోత పడేది ఈ గంటల మీదే. తొట్టి గది కట్టేటప్పుడే మరో నాలుగింటికి చోటు వదలమని నేను పట్టుబడతాను.

ఇంకో సంగతి మన వాతావరణానికి సంబంధించినది. చెక్క తొట్టికి చల్లబరిచే జాకెట్ ఉండదు. 18 నుంచి 20 డిగ్రీల దగ్గర మొదలుపెడితే పులియడంలో పుట్టే వేడికి అదే 33, 34కి చేరి ఆగుతుంది. ఐలా చలిలో ఇది కుదురుతుంది. సంగారెడ్డి వైపు ఏప్రిల్ నెలలో షెడ్డులోనే 40 డిగ్రీలుంటే చెక్క తొట్టిలో ఈస్ట్ చచ్చిపోతుంది. మన దగ్గర చెక్క కావాలనుకుంటే బయట ప్లేట్ కూలర్ పెట్టి ఊటను తిప్పక తప్పదు.

బట్టీలు, వాటి పొడవాటి చేతులు

స్టిల్ హౌస్‌కి ఒక గోడంతా అద్దమే. అవతల ఐలా జలసంధి, దాని ఆవల జూరా ద్వీపపు కొండలు. చూడ్డానికి అద్భుతం. నేను మాత్రం ఎక్కువసేపు చూసింది కప్పు వైపు.

బట్టీలు రెండే. పెద్దది ఊటను మరిగించేది, చిన్నది రెండోసారి మరిగించేది. రెండింటి మెడల నుంచి పక్కకు సాగే గొట్టాల్ని లైన్ ఆర్మ్స్ అంటారు. ఇక్కడ ఒక్కోటి ఏడున్నర మీటర్లు. స్కాట్లండ్‌లోకెల్లా పొడవైనవి ఇవేనని వాళ్ళ మాట. మామూలు డిస్టిలరీలో ఈ గొట్టం బట్టీ పక్కనే ఉన్న కండెన్సర్‌కి (ఆవిరిని చల్లబరిచి ద్రవం చేసే పరికరం) చేరేదాకానే ఉంటుంది. ఇక్కడ అది గది పొడవునా సాగి, గోడ దాటి బయటి తొట్టిలోకి వెళ్తుంది.

దాని పని అర్థం కావాలంటే రాగి పని తెలియాలి. పులిసిన ఊటలో గంధకపు సమ్మేళనాలుంటాయి. మిథేన్ థయాల్, డైమిథైల్ ట్రైసల్ఫైడ్ లాంటివి. అతి తక్కువ మోతాదులోనే ఉడికిన క్యాబేజీ, కాల్చిన రబ్బరు, మాంసం పులుసు వాసనలిస్తాయి. వేడి ఆవిరి రాగిని తాకినప్పుడు వాటిలో చాలావరకు రాగికి పట్టేసుకుంటాయి. స్టీల్ ఆ పని చెయ్యదు. మేం ఒక ధాన్యం ప్లాంట్‌లో దీన్ని కళ్ళారా చూశాం. అరిగిపోయిన రాగి బబుల్ క్యాప్ ట్రేల స్థానంలో ఖర్చు కలిసొస్తుందని యాజమాన్యం స్టెయిన్‌లెస్ స్టీల్ పెట్టించింది. గ్యాస్ క్రొమటోగ్రాఫ్ రిపోర్టులో అన్నీ పరిమితిలోనే ఉన్నాయి. కానీ శాంపిల్ సీసా మూత తీసిన ప్రతివాళ్ళూ మొహం తిప్పుకున్నారు. కాలమ్‌లో రెండు ట్రేల మీద రాగి ముక్కలు పరిపించాక గాని ఆ వాసన వదల్లేదు.

కాబట్టి ఏ మాల్ట్ బట్టీకైనా వేసుకోవాల్సిన ప్రశ్న ఒకటే: ఆవిరి ద్రవంగా మారేలోపు ఎంత రాగిని తాకుతుంది? ఏడున్నర మీటర్ల గొట్టానికి సగటున 40 సెంటీమీటర్ల వ్యాసం ఉందనుకుంటే తొమ్మిది చదరపు మీటర్లకు పైగా రాగి. ఆ గొట్టం గాలికి చల్లారి కొంత ఆవిరి అందులోనే ద్రవమవుతుందని చాలామంది చెబుతారు. లెక్క వేస్తే అది నూటికి ఒక వంతు చుట్టుపక్కలే తేలింది, ఎందుకంటే ఊట బట్టీ నుంచి వచ్చే వేడి వందల కిలోవాట్లు, గాలికి పోయేది అయిదారు కిలోవాట్లు. అంటే ఈ గొట్టం కండెన్సర్‌గా పనికిరాదు. అది చేసేది ఆవిరిని ఆవిరిగానే ఉంచి రాగి పక్కన నడిపించడం. వాళ్ళకు కావలసింది కూడా అదే, ఎందుకంటే దాని తర్వాత వచ్చేది రాగికి వ్యతిరేకంగా పనిచేసే సామాను.

వర్మ్ టబ్

బయట గోడవారన రెండు పెద్ద చెక్క తొట్లు, ఒక్కో బట్టీకి ఒకటి. ఒక్కోదానిలో నీళ్ళ అడుగున చుట్టలు చుట్టుకుని దిగే రాగి గొట్టం. పైన లావుగా మొదలై, దిగేకొద్దీ సన్నబడుతుంది, నాదస్వరాన్ని తలకిందులు చేసి చుట్ట చుట్టినట్టు. ఆవిరి పైనుంచి వస్తుంది, కిందికి ద్రవంగా చేరుతుంది. చల్లనీళ్ళు ఆర్డ్‌నాహో చెరువు నుంచి తొట్టి అడుగుకి వస్తాయి, వేడెక్కినవి పైనుంచి పొర్లి పోతాయి. తొట్టి మీద చెయ్యి పెట్టి చూస్తే పై అంచు దగ్గర వెచ్చగా, నడుము ఎత్తులో చల్లగా ఉంది. మోటారు లేదు, కదిలే భాగం లేదు.

ఐలాలో వర్మ్ టబ్బులున్నది ఇక్కడొక్కచోటే. స్కాట్లండ్ మొత్తం మీద మోర్ట్‌లాక్, టాలిస్కర్, డాల్‌విన్నీ, ఓబన్ లాంటి కొన్ని చోట్ల మిగిలాయి. మిగతావాళ్ళంతా ఇరవయ్యో శతాబ్దంలో షెల్ అండ్ ట్యూబ్ కండెన్సర్లకు మారిపోయారు. కారణాలు బలమైనవే. తక్కువ చోటు, తక్కువ నీళ్ళు, సులువైన మరమ్మతు, వేడినీళ్ళను తిరిగి వాడుకునే వీలు.

మారితే పోయేదేమిటో డాల్‌విన్నీలో తేలింది. 1986లో అక్కడ వర్మ్‌లు తీసి కండెన్సర్లు పెట్టారు. స్పిరిట్ తేలికైపోయింది, రుచిలో దాని పాత బరువు రాలేదు. 1995లో మళ్ళీ వర్మ్‌లే తెచ్చి పెట్టారు. బట్టీ, ఊట అవే ఉండగా చల్లబరిచే పద్ధతి ఒక్కటే విస్కీ గుణాన్ని ఎంత మార్చగలదో చూపించే ఇంతకన్నా మంచి ఉదాహరణ ఈ రంగంలో నాకు తెలియదు.

కారణం జ్యామితిలో ఉంది. విస్కీ కండెన్సర్‌లో నీళ్ళు ట్యూబుల్లో పోతాయి, ఆవిరి వాటి బయట తిరుగుతుంది. 25 మిల్లీమీటర్ల ట్యూబులు 32 మిల్లీమీటర్ల ఎడంతో పేరిస్తే, ఒక ఘనపు మీటరు ఆవిరికి సుమారు 200 చదరపు మీటర్ల రాగి తగులుతుంది. వర్మ్ పైభాగంలో 30 సెంటీమీటర్ల గొట్టముంటే అదే ఘనపు మీటరుకి 13 చదరపు మీటర్లే. పదిహేను రెట్ల తేడా. పైగా చన్నీళ్ళలో ఆవిరి త్వరగా ద్రవమై గొట్టం అడుగున పారిపోతుంది, ఒకసారి ద్రవమయ్యాక రాగి దాని జోలికి వెళ్ళేది తక్కువ. గంధకం మిగిలిపోతుంది. స్పిరిట్‌కి నూనెలాంటి చిక్కదనం, మాంసపు పులుసు లాంటి బరువు వస్తాయి. కొత్తల్లో అగ్గిపుల్ల గీసిన వాసన ఉంటుంది, పీపాలో ఏళ్ళు గడిచేకొద్దీ అది సద్దుమణిగి బరువు మాత్రం నిలుస్తుంది.

ఇప్పుడు ఆ రెంటినీ కలిపి చూడండి. ఏడున్నర మీటర్ల లైన్ ఆర్మ్ గంధకంలో కొంత తీసేస్తుంది. తర్వాత వర్మ్ టబ్ ఇంక తియ్యకుండా ఆపేస్తుంది. పొట్టి గొట్టం పెట్టి వర్మ్ పెడితే స్పిరిట్ మొరటుగా వచ్చి పీట్ పొగతో కలిసి ముక్కుని ఊపిరాడనివ్వదు. పొడవు గొట్టం పెట్టి కండెన్సర్ పెడితే తేలికపాటి పండ్ల స్పిరిట్ వస్తుంది, అలాంటివి పక్కనే ఇంకా ఉన్నాయి. ఆర్డ్‌నాహోవాళ్ళు రెండూ పెట్టి మధ్యలో ఒక చోటు వెతుక్కున్నారు. అక్కడ ఇచ్చిన కొత్త స్పిరిట్‌ని నీళ్ళు కలిపి చూశాను. పొగ ముందుకొచ్చింది, దాని కింద పండు, నాలుక మీద వెన్నలాంటి చిక్కదనం. క్యాబేజీ వాసన కోసం వెతికినా దొరకలేదు. వర్మ్ టబ్ స్పిరిట్ అని చెప్పకపోతే నాలుక మీది ఆ బరువుని బట్టే పోల్చుకోవాలి.

నీళ్ళ ఖర్చు కూడా చూడాలి. ఒక దఫా ఊట 12,500 లీటర్లనుకుంటే అందులోంచి సుమారు 4,200 లీటర్ల లో వైన్స్ (మొదటి బట్టీలో వచ్చే పలచని స్పిరిట్) తీయాలి. అంత ఆవిరిని ద్రవం చేసి చల్లబరచడానికి తొమ్మిది గిగాజౌళ్ళ పైచిలుకు వేడి లాగెయ్యాలి. నీళ్ళు 40 డిగ్రీల మేర వేడెక్కనిస్తే దాదాపు 55 వేల లీటర్లు కావాలి, ఇది ఒక్క మొదటి బట్టీ ఒక్క దఫాకే. పక్కనే చెరువుంది కాబట్టి వాళ్ళకి కుదిరింది.

నడిపేవాళ్ళకి ఇందులో రోజువారీ చిక్కులున్నాయి. తొట్టిలో నీటి వేగం పెంచితే ఆవిరి పై చుట్లలోనే ద్రవమవుతుంది, స్పిరిట్ బరువెక్కుతుంది. తగ్గిస్తే తొట్టి వేడెక్కి ఆవిరి ఇంకా కిందిదాకా ఆవిరిగానే దిగి ఎక్కువ రాగిని తాకుతుంది, స్పిరిట్ తేలికవుతుంది. అంటే ఒక వాల్వు తిప్పి రుచి మార్చొచ్చు. చెరువు నీళ్ళు జనవరిలో ఒక చల్లదనం, ఆగస్టులో ఇంకో చల్లదనం, అందుకని ఆ వాల్వుని రుతువుని బట్టి చూసుకోవాలి. గొట్టానికి చిల్లు పడితే ఎక్కడో చూడాలంటే తొట్టంతా ఖాళీ చెయ్యాలి. అన్నిటికన్నా ముందు పలచబడేవి వేడి ఆవిరి తగిలే పై చుట్లు. వర్మ్ టబ్ పెట్టాలనుకునేవాళ్ళకి నేను చెప్పేది, పై చుట్లని విడిగా విప్పి మార్చేలా ఫ్లాంజి పెట్టించండి. తొట్టి అడుగున, మధ్యలో, పైన మూడు థర్మామీటర్లు బిగించండి. స్పిరిట్ గుణం మారినప్పుడు జవాబు సాధారణంగా ఆ మూడు అంకెల్లోనే ఉంటుంది.

వర్మ్ కొస నుంచి స్పిరిట్ ఇత్తడి చట్రం, అద్దాల పెట్టెలోకి వస్తుంది. స్పిరిట్ సేఫ్ అంటారు దాన్ని. ఒకప్పుడు దాని తాళం ఎక్సైజ్ అధికారి దగ్గరే ఉండేది, ఇప్పుడు డిస్టిలరీ దగ్గరే ఉంటుంది. మన ప్లాంట్లలో ఇప్పటికీ ఎక్సైజ్ తాళాలున్నాయి కాబట్టి మనకది వింత కాదు. రెండో బట్టీ నుంచి మొదట వచ్చే ఘాటైన భాగం, చివర వచ్చే బరువు భాగం పక్కకి మళ్ళించి వచ్చే దఫాలో కలుపుతారు. నడిమి భాగమే పీపాలకి. పొగ తాలూకు ఫినాల్స్ చివరికి చేరేకొద్దీ ఎక్కువగా వస్తాయి, కాబట్టి పొగ విస్కీ చేసేవాళ్ళు నడిమి భాగాన్ని కొంచెం ఆలస్యంగా ఆపుతారు. ఆలస్యం మరీ ఎక్కువైతే తడి తోలు వాసన కూడా వెంట వస్తుంది. ఆ గీత ఎక్కడ గీయాలో నిర్ణయించే మనిషికి ఈ సామానంతా సాయం మాత్రమే.

ఆ నడిమి భాగానికి నీళ్ళు కలిపి, సాధారణంగా 63.5 శాతానికి తెచ్చి పీపాల్లో నింపుతారు. స్కాచ్ అనాలంటే చట్టం ప్రకారం 700 లీటర్లకు మించని ఓక్ పీపాలో స్కాట్లండ్‌లోనే మూడేళ్ళు ఉండాలి. ఆర్డ్‌నాహోవాళ్ళు మూడేళ్ళకే తొందరపడలేదు. 2024లో అయిదేళ్ళ విస్కీని 50 శాతం దగ్గర తొలిసారి విడుదల చేశారు, బర్బన్, ఒలొరోసో షెర్రీ పీపాల్లో పెంచింది. డబ్బు కట్టిపడేసుకుని అన్నేళ్ళు ఆగడం కొత్త సంస్థకి చిన్న నిర్ణయం కాదు. గంధకం సద్దుమణగాల్సిన బరువు స్పిరిట్‌కి ఆ అదనపు కాలం అవసరమని నా అభిప్రాయం.

మన దగ్గరైతే

బెంగళూరు అమృత్‌వాళ్ళు తమ సింగిల్ మాల్ట్‌ని 2004లో గ్లాస్గోలో విడుదల చేసినప్పటి నుంచి వేడి దేశంలో మాల్ట్ విస్కీ కుదురుతుందా అన్న ప్రశ్న తీరిపోయింది. స్కాట్లండ్‌లో ఏడాదికి పీపాలోంచి ఆవిరయ్యేది నూటికి రెండు వంతులు, బెంగళూరులో పది దాటుతుంది. అందుకే మన విస్కీ తక్కువ ఏళ్ళలో ముదురుతుంది. దీని పర్యవసానం సామాను మీద పడుతుందని చాలామంది గమనించరు. గంధకం పోవడానికి పీపాలో కాలం కావాలి, మన పీపాలో అంతకాలం ఉంచితే సగం గాలికి పోతుంది. కాబట్టి మన దగ్గర స్పిరిట్ బట్టీలోంచి వచ్చేటప్పుడే శుభ్రంగా రావాలి.

అలాగే నీళ్ళు. తెలంగాణ, రాయలసీమ ఎండాకాలంలో కూలింగ్ టవర్ నీళ్ళే 32 డిగ్రీలు దాటుతాయి. ఆ నీళ్ళతో వర్మ్ టబ్ నడిపితే తొట్టి వెచ్చగానే ఉంటుంది, ఆవిరి చాలా కిందిదాకా రాగి తాకుతూ పోతుంది, దేనికోసం పెట్టామో ఆ బరువు రాదు. చిల్లర్ పెట్టి చల్లబరచాలంటే కరెంటు బిల్లు మోయలేం. ఫొటో కోసం వర్మ్ టబ్ అడిగిన క్లయింటుకి నేను ఈ లెక్కే చూపించాను.

బరువు స్పిరిట్ కావాలంటే దారి వేరే ఉంది. స్కాట్లండ్‌లోనే 2009లో కట్టిన రోజైల్ డిస్టిలరీలో కొన్ని బట్టీలకు రాగి కండెన్సర్, స్టెయిన్‌లెస్ స్టీల్ కండెన్సర్ రెండూ ఉన్నాయి. స్టీల్ వైపు తిప్పితే గంధకం మిగిలి స్పిరిట్ బరువుగా, రాగి వైపు తిప్పితే తేలికగా వస్తుంది. మన డ్రాయింగ్‌లో నేను గీసిందీ అదే. లైన్ ఆర్మ్‌ని ఆర్డ్‌నాహోలాగా పొడవుగా ఉంచాను, ఏడున్నర కాకపోయినా అయిదు మీటర్లు. దాని కొసన రెండు కండెన్సర్లు, ఒకటి రాగి ట్యూబులతో, ఒకటి స్టీల్ ట్యూబులతో, మధ్యలో మళ్ళించే వాల్వు. మొదటి ఏడాది అన్ని దఫాలూ రాగి మీదే నడిపి, పదింటికొకటి స్టీల్ మీద తీసి విడి పీపాల్లో పెట్టాలని ఆపరేటింగ్ షీట్‌లో రాశాను. రెండు రకాల పీపాల నుంచీ ఆరు నెలలకోసారి శాంపిల్ తీసి పక్కపక్కన ముక్కు పెట్టి చూడాలి. రెండింటిని ఏ పాళ్ళలో కలపాలన్నది ఆ శాంపిళ్ళు చూశాకే.